గీత అచ్చుది, రంగు చేతిది

ప్రశ్న: మా అమ్మాయి మాంచెస్టర్‌లో చదువుతోంది. అక్కడి జాన్ రైలాండ్స్ లైబ్రరీలో ఉన్న ఒక పాత బొమ్మ ఫోటో పంపింది. భారీ మనిషి ఒకడు పసివాణ్ణి భుజానికెత్తుకుని ఏరు దాటుతున్నాడు. 1423 నాటి ప్రింటు అంటోంది. రంగులు మాత్రం బ్రష్‌తో వేసినట్టున్నాయి. ఇది ప్రింటా, పెయింటింగా? కింద ఏం రాసి ఉంది?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: రెండూనమ్మా. గీతలు చెక్క పలకతో అచ్చు వేసినవి, రంగులు చేత్తో వేసినవి. ఆయన సెయింట్ క్రిస్టఫర్. బాటసారులను ఏరు దాటించే ఆ మనిషి ఒక రాత్రి ఒక పసివాణ్ణి ఎత్తుకుంటే, అడుగడుగుకీ బరువు పెరిగిందట. ఆ బాబు క్రీస్తు. యూరప్‌లో సంవత్సరం వేసి ఉన్న చెక్క అచ్చుల్లో అతి పాతవాటిలో ఇదొకటి. యూరప్‌లో విడి అచ్చక్షరాలు పేర్చి వేసిన తొలి పెద్ద పుస్తకం గూటెన్‌బర్గ్ బైబిల్ రావడానికి ఇంకా సుమారు 30 ఏళ్లు ఉంది.

డ్రాయింగ్ మాస్టారుగా ఉన్న రోజుల్లో పిల్లలకు చూపించడానికి నేనూ పలక చెక్కాను. అక్కడ గీత గీయడం కాదు పని. చుట్టూ ఉన్న చెక్కంతా తీసేసి గీతను మిగల్చాలి. ఉలి కాస్త జారితే బొమ్మకు ముక్కు ఉండదు. అక్షరాలైతే కుడి ఎడమలు తిప్పి చెక్కాలి. నాలుగక్షరాల పేరుకు నాకు ఒక పూట పట్టింది. ఈ బొమ్మ కింద రెండు లాటిన్ పాదాలు, సంవత్సరం కూడా ఉన్నాయి. ఆ పనివాడి పేరు మనకు తెలియదు కానీ, ఆ చేతికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఆ పాదాల భావం ఇది: క్రిస్టఫర్ ముఖం ఏ రోజు చూస్తావో, ఆ రోజు నీకు దుర్మరణం లేదు. దుర్మరణమంటే, ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునే వ్యవధి లేకుండా హఠాత్తుగా పోవడం. ప్లేగు మళ్లీ మళ్లీ వస్తున్న కాలం కదా, జనానికి చావుకంటే అలా పోవడమే పెద్ద భయం. రోజూ చూడాలంటే బొమ్మ ఇంట్లో ఉండాలి. పెయింటింగ్ కొనే స్తోమత ఎందరికుంటుంది? అందుకే ఒక్క పలకతో ఎన్నో కాగితాలు తీసి, ఒక్కోదానికీ నీటిరంగులు వేసేవారు. అప్పటి అచ్చుల్లో నీడలు దాదాపు ఉండవు, ఒట్టి గీతలే. వాటికి ఒళ్లూ బట్టా ఇచ్చేది రంగే. దాన్ని పైపూత అనుకోకండి.

గోడలకూ తలుపులకూ అంటించిన బొమ్మలు చాలావరకు చిరిగిపోయాయి. ఇది మిగిలిందంటే, దక్షిణ జర్మనీలోని బుక్స్‌హైమ్ మఠానికి చెందిన ఒక చేతిరాత పుస్తకం అట్ట లోపల దీన్ని అంటించడం వల్లే. రెండో అట్ట లోపల మరియమ్మకు దేవదూత శుభవార్త చెబుతున్న బొమ్మ ఉండేది. గోడకు అంటించినా మిగిలిన బొమ్మ కూడా ఒకటుంది. ఇటలీలోని ఫోర్లీలో 1428లో ఒక బడి తగలబడితే, గోడకున్న మరియమ్మ అచ్చుబొమ్మ మాత్రం కాలలేదు. ఆ కాగితం ఇప్పటికీ అక్కడి కెథెడ్రల్‌లో పూజలందుకుంటోంది.

ఇలాంటి రంగులు వెలుతురుకు వెలిసిపోతాయి కాబట్టి అన్ని రోజుల్లోనూ బయట పెట్టరు. లైబ్రరీ వాళ్లను ముందే అడిగి వెళ్లమనండి. గట్టు మీద లాంతరు పట్టుకుని దారి చూపే సన్యాసిని, కింద బొరియలోంచి తొంగిచూసే కుందేలును కూడా చూసి రమ్మనండి.