అరుగుదల మచ్చలు కొలిచే ఉద్యోగం అమ్మాయికి తగినదేనా?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. పత్తి, మిర్చి పండిస్తాం. మా అమ్మాయి హనుమకొండలో బీఎస్సీ కెమిస్ట్రీ పూర్తి చేసింది. హైదరాబాద్‌లో ఇంధనాలు, నూనెలు పరీక్షించే ఒక ప్రైవేటు ల్యాబ్ వారు ట్రైనీగా రమ్మన్నారు. డీజిల్ పరీక్షలో ఉక్కు గోళీ మీద పడిన మచ్చను మైక్రోస్కోపు కెమెరాతో కొలవడం పని అట. డిగ్రీ చదివి మచ్చలు కొలవడమేమిటని చుట్టాలు అంటున్నారు. అమీర్‌పేటలో ఏఐ, డేటా సైన్స్ కోర్సుకు అడ్వాన్సు కట్టాను. మిగతా ఫీజుకు ఎకరం తాకట్టు పెట్టాలనుకుంటున్నాను. రెండింటిలో ఏది మంచిది?

జవాబు: మీరు రెండు దారులను పోల్చి చెప్పమన్నారు. అయితే ఉత్తరమంతా చదివాక మీ అసలు దిగులు జీతం గురించి కాదని, నలుగురిలో బిడ్డ ఉద్యోగాన్ని ఏ పేరుతో చెప్పుకోవాలన్నదే మిమ్మల్ని కలవరపెడుతోందని నాకు అనిపించింది. ఈ దిగులుతో నా దగ్గరకు వచ్చే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. కాబట్టి ముందుగా ఆ పనేమిటో చెబుతాను.

మన దేశమంతటా 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 అనే కాలుష్య ప్రమాణానికి సరిపోయే ఇంధనం అమలులోకి వచ్చింది. అంతకుముందు కిలో డీజిల్‌లో 50 మిల్లీగ్రాముల వరకు ఉండనిచ్చిన గంధకాన్ని 10 మిల్లీగ్రాములకు తగ్గించారు. గంధకాన్ని తీసివేసే శుద్ధి ప్రక్రియలో, లోహానికి అంటుకుని దానిని రాపిడి నుంచి కాపాడే కొన్ని సహజ పదార్థాలు కూడా పోతాయి. ఇంజన్‌లోని ఇంధన పంపుకు, ఇంజెక్టర్లకు వేరే నూనె ఉండదు, డీజిలే వాటికి కందెన. అందులో జారుడుగుణం తగ్గితే మీ ఊళ్లో ట్రాక్టరు పంపు అయినా, భూపాలపల్లి గనుల్లో తిరిగే డంపరు పంపు అయినా అరిగిపోతుంది. అందుకే డీజిల్‌లో ప్రత్యేకమైన మందు కలుపుతారు. ఆ మందు సరిపోయిందో లేదో తేల్చేది మీరు చిన్నచూపు చూస్తున్న ఆ మచ్చే.

హెచ్.ఎఫ్.ఆర్.ఆర్. అనే ఈ పరీక్షలో 6 మిల్లీమీటర్ల ఉక్కు గోళీని 200 గ్రాముల బరువుతో ఒక ఉక్కు బిళ్ల మీద ఆనించి, 60 డిగ్రీల వేడిలో, 2 మిల్లీలీటర్ల డీజిల్‌లో, సెకనుకు 50 సార్ల చొప్పున 75 నిమిషాల పాటు ముందుకూ వెనక్కూ రాపిడి చేయిస్తారు. తర్వాత గోళీని శుభ్రం చేసి, వంద రెట్లు పెద్దదిగా చూపే మైక్రోస్కోపు కింద పెట్టి, మచ్చను రాపిడి దిశలో ఒకసారి, దానికి అడ్డంగా ఒకసారి కొలిచి సగటు తీస్తారు. మన ప్రమాణం ప్రకారం ఆ సగటు 460 మైక్రాన్లు దాటకూడదు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అంటే ఆ మచ్చ అర మిల్లీమీటరు కన్నా చిన్నదిగా ఉండాలి.

ఇందులో నైపుణ్యం ఎక్కడుందని మీరు అడగవచ్చు. కెమెరాకు మైక్రాన్లు తెలియవు, ఫొటోలోని చుక్కలు (పిక్సెళ్లు) మాత్రమే తెలుసు. మిల్లీమీటరును వంద భాగాలు చేసిన గాజు కొలబద్దను ముందు ఫొటో తీసి, ఎన్ని చుక్కలకు ఒక మిల్లీమీటరో తేల్చుకోవాలి. 500 చుక్కలు వస్తే ఒక్కో చుక్క 2 మైక్రాన్లు. లెన్సు మార్చినా, ఫొటో సైజు తగ్గించినా ఆ లెక్క చెల్లదు, మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి. అంతకన్నా కష్టమైనది మచ్చ అంచును గుర్తించడం. అంచు గీత గీసినట్టు ఉండదు, చుట్టూ సన్నని గీరలు, రంగు మారిన మరక ఉంటాయి. ఒకరు అసలు అరుగుదలనే కొలిచి 480, 430 అని రాస్తే సగటు 455 వచ్చి డీజిల్ పాసవుతుంది. మరొకరు మరకను కూడా కలుపుకుని 490, 444 అని రాస్తే సగటు 467 అయి అదే డీజిల్ ఫెయిలవుతుంది. దీపం వాలు మారితే అంచు కూడా జరిగినట్టు కనిపిస్తుంది. మీ అమ్మాయి సంతకం కింద ట్యాంకర్ల కొద్దీ ఇంధనం ఆగుతుంది, లేదా కదులుతుంది. ఈ పనిని మచ్చలు కొలవడమని తేలిక చేసి మాట్లాడిన చుట్టాలను నేను తప్పుపట్టను, వారికి తెలియదు. కానీ బిడ్డ మూడేళ్లు చదివిన శాస్త్రం గురించి ఆమెను ఒక్క మాట అడగకుండా, చుట్టాల మాట పట్టుకుని అడ్వాన్సు కట్టివచ్చిన మిమ్మల్ని మాత్రం తప్పుపట్టాల్సి వస్తోంది. మీ ఉత్తరంలో ఆమె ఏమనుకుంటున్నదో ఒక్క వాక్యమైనా లేదు.

ఇక ఆ కోర్సు సంగతి. ఏఐ మంచి విద్య కాదని నేను అనను. గణితం మీద మక్కువ ఉండి, ప్రోగ్రామింగ్‌ను రెండు మూడేళ్లు ఓపికగా సాధన చేసేవారికి అందులో బతుకు ఉంది. నా అనుమానమంతా కొద్ది నెలల్లో నేర్పి ఉద్యోగం ఖాయమని చెప్పే కోర్సుల మీద. ఆ సర్టిఫికెట్టుతో వచ్చిన అమ్మాయి ఇంజినీరింగులో నాలుగేళ్లు అదే చదివిన వారితో ఒకే వరుసలో నిలబడాలి. పదేళ్ల కిందట నేను కూడా అప్పటి మోజును నమ్మి, కెమిస్ట్రీ ఇష్టపడే ఒక అబ్బాయిని సాఫ్ట్‌వేర్ కోర్సుకు పంపించాను. రెండేళ్ల తర్వాత చేతిలో అప్పుతో తిరిగివచ్చి నా ఎదుట కూర్చున్న అతని ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఎకరం తాకట్టు అన్న మాట చదవగానే అందుకే భయం వేసింది.

మచ్చ అంచును కంప్యూటరే గుర్తిస్తే ఈ ఉద్యోగం ఉంటుందా అని కూడా మీకు అనిపించవచ్చు. అలా గుర్తించే సాఫ్ట్‌వేర్ ఇప్పటికే ఉంది. అయితే అది గీసిన గీత అరుగుదల మీద పడిందో మరక మీద పడిందో చూసి ఒప్పుకునే మనిషి కావాలి. ఇమేజ్‌జే అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో చిత్రాలను కొలవడం మీ అమ్మాయి ఉద్యోగం చేస్తూనే సాయంత్రాలు నేర్చుకోవచ్చు. అప్పుడు ఆమెకు ఏఐ కూడా తన శాస్త్రంతో కలిసి వస్తుంది, దానికి ఎకరం అవసరం లేదు.

ఈ ఉద్యోగంలో లోటు లేదని మాత్రం చెప్పను. మొదట్లో జీతం తక్కువగా ఉంటుంది. కొన్నిచోట్ల ఏళ్ల తరబడి ఒకే యంత్రం దగ్గర కూర్చోబెడతారు. అందువల్ల చేరే ముందు అమ్మాయి చేతనే మూడు సంగతులు అడిగించండి: నియామకం నేరుగా ల్యాబ్‌దా, కాంట్రాక్టరు ద్వారానా, ఈ పరీక్షకు ల్యాబ్‌ల నాణ్యతను తనిఖీ చేసే ఎన్‌ఏబీఎల్ సంస్థ గుర్తింపు ఉందా, ఏడాదిలో కందెనల అరుగుదలను చూసే నాలుగు గోళీల పరీక్ష, చిక్కదనం, ఆవిరి అంటుకునే వేడిని తేల్చే ఫ్లాష్ పాయింట్ వంటివి కూడా నేర్పుతారా. జవాబులు సరిగా ఉంటే నిశ్చింతగా పంపండి. రెండేళ్ల అనుభవం తర్వాత రిఫైనరీల ల్యాబ్‌లకు, గ్రీజు, కందెన నూనెల తయారీ సంస్థలకు దరఖాస్తు చేయవచ్చు. ఎమ్మెస్సీ చదవాలనిపిస్తే పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ ఎలాగూ ఉంది. ఆడపిల్ల ఒంటరిగా హైదరాబాద్‌లో ఎలా ఉంటుందన్న భయం ఉంటే, ఒకసారి మీరే వెంట వెళ్లి హాస్టలు, ల్యాబు చూసి రండి. ఆ మైక్రోస్కోపులో ఒక మచ్చను చూపించమని అడగండి, సంతోషంగా చూపిస్తారు.

కోర్సు అడ్వాన్సు రసీదు వెనుక తిరిగి ఇచ్చే షరతు ఏమైనా రాసి ఉందేమో ఈ రాత్రే చదవండి. గడువు ఉంటే రేపు ఉదయమే రాతపూర్వకంగా అడగండి.