సోలార్ పార్క్ గురించి అడిగితే ‘మీకేం సంబంధం?’ అంటున్నారు

ప్రశ్న: మాది పదిహేనేళ్ల కిందట రిజిస్టరైన చిన్న పౌర సంఘం. మా ప్రాంతంలోని బొగ్గు విద్యుత్ కేంద్రాన్ని మూసేసి, పక్కనున్న భూముల్లో సోలార్ పార్క్ పెడతామంటున్నారు. పొగ, బూడిద బాధ తప్పుతుందంటే మాకూ సంతోషమే. కానీ ప్లాంటులోని కాంట్రాక్టు కార్మికుల గతేమిటో, ఆ భూముల్లో కౌలు చేసుకునేవాళ్లకు, పశువులు మేపుకునేవాళ్లకు ఏమిస్తారో ఎవరూ చెప్పడం లేదు. ఒకసారి మీటింగుకు పిలిచి రిజిస్టరులో సంతకాలు పెట్టించుకున్నారు. మేం మాట్లాడబోతే ‘మీరు కార్మికులు కాదు, భూమి ఉన్నవాళ్లూ కాదు, మీకేం సంబంధం?’ అన్నారు. మా మాట వినాల్సిన బాధ్యత చట్టప్రకారం వాళ్లకు ఉందా? కోర్టుకు వెళ్తే నిలబడతామా? – ఒక సంఘం కార్యదర్శి

జవాబు: ముందు ఆ సంతకాల సంగతి చూద్దాం, ఎందుకంటే చాలామంది దెబ్బతినేది అక్కడే. హాజరు కోసం పెట్టిన సంతకం ఆరు నెలలు తిరిగేసరికి ‘స్థానికులు అంగీకరించారు’ అన్న కాగితానికి తోకలా వచ్చి చేరుతుంది. ఆ రిజిస్టరు పేజీ మీద ఏం రాసి ఉందో మీకు గుర్తుందా? లేకపోతే ఈ వారంలోనే ఒక ఉత్తరం రాయండి. ‘ఫలానా తేదీ మీటింగులో మేం పెట్టిన సంతకాలు హాజరుకు మాత్రమే, దేనికీ సమ్మతి కాదు, ఆ మీటింగు మినిట్స్ కాపీ ఇప్పించండి’ అంటే చాలు. చేరినట్టు రుజువు ఉండేలా పంపి, రసీదు దాచండి. ఇకమీదట ఎక్కడ సంతకం చేసినా పక్కన ‘హాజరు మాత్రమే’ అని చేత్తో రాయండి. అలా రాస్తే ఎదుటివాళ్లు మొహం చిట్లిస్తారు, చిట్లించనివ్వండి.

మీరు ఏ దేశ చట్టం కింద ఉన్నారో ఉత్తరంలో రాయలేదు. కాబట్టి ఎక్కడున్నవారికైనా పనికొచ్చేదే చెబుతాను. ఏ కోర్టు, ఎంత ఫీజు, ఎన్ని రోజుల గడువు అన్నవి మీ దగ్గరి లాయరు చెప్పాలి.

‘మీకేం సంబంధం’ అన్న మాటను మా లాయర్ల భాషలో లోకస్ అంటారు. కేసు వేసే అర్హత అన్నమాట. పాత పద్ధతిలో సొంతానికి నష్టం జరిగినవాడికే ఆ అర్హత ఉండేది. పర్యావరణం విషయంలో ఈ గీత చాలా జరిగింది. పర్యావరణం మీద ప్రపంచ దేశాలు 1992లో చేసిన రియో ప్రకటన పదో సూత్రంలో మూడు మాటలున్నాయి: సమాచారం పొందడం, నిర్ణయంలో పాలుపంచుకోవడం, న్యాయస్థానం తలుపు తట్టడం. అది ప్రకటన మాత్రమే, దాన్ని పట్టుకుని కేసు గెలవలేం. కానీ అదే మాట 1998లో డెన్మార్క్‌లోని ఆర్హస్ నగరంలో కుదిరిన ఒప్పందంలో చట్టంగా మారింది. పర్యావరణం కోసం పనిచేసే సంఘం ఆ దేశ చట్టపు షరతులకు లోబడి ఉంటే చాలు, దానికి ఆ నిర్ణయంతో ‘సంబంధం’ ఉన్నట్టే లెక్క అని అందులో రాసుకున్నారు. లాటిన్ అమెరికా, కరీబియన్ దేశాలు 2018లో ఎస్కాజు ఒప్పందం చేసుకుని, ఇలాంటి విషయాల్లో గొంతెత్తేవాళ్లకు రక్షణ కల్పించాలని కూడా చేర్చాయి. ఈ ఒప్పందాల్లో లేని దేశాల్లో ఇవి నేరుగా వర్తించవు. అయినా మీ అర్జీలో ఉదహరించవచ్చు, జడ్జిలు చదువుతారు.

కోర్టులో నిలబడతారా అంటే, అది చాలావరకు మీ బీరువాలో ఉన్న బైలాల మీద ఆధారపడుతుంది. స్విట్జర్లాండ్‌లో వయసు పైబడిన రెండు వేలమందికి పైగా మహిళలు ఒక సంఘంగా ఏర్పడి, వాతావరణ మార్పు విషయంలో ప్రభుత్వం తగినంత చేయడం లేదని యూరప్ మానవ హక్కుల కోర్టుకు వెళ్లారు. 2024 ఏప్రిల్ 9న తీర్పు వచ్చింది. విచిత్రమేమిటంటే, విడిగా అర్జీ పెట్టుకున్న నలుగురు మహిళలకు అర్హత లేదని కోర్టు పక్కన పెట్టింది, సంఘానికి మాత్రం ఉందని చెప్పి, దాని కేసులో ప్రభుత్వానిదే తప్పు అంది. సంఘంలో కోర్టు చూసినవి ఇవి: చట్టబద్ధంగా ఏర్పడిందా, బైలాల్లో రాసుకున్న ఆశయం ఈ హక్కుల రక్షణేనా, నష్టపోయేవాళ్ల తరఫున మాట్లాడే నిజమైన అర్హత దానికి ఉందా. మీ బైలాల్లో ‘సాంస్కృతిక కార్యక్రమాలు, రక్తదాన శిబిరాలు’ అని మాత్రమే ఉంటే ఎదుటి లాయరు మొదటి రోజే అది పట్టుకుంటాడు. సర్వసభ్య సమావేశం పెట్టి ఆశయాలను సవరించండి. ఈ సోలార్ పార్క్ విషయంలో సంఘం తరఫున ఎవరు మాట్లాడాలో తీర్మానం చేయండి. కౌలుదార్లను, కాంట్రాక్టు కార్మికులను సభ్యులుగా చేర్చుకోండి. వాళ్లే లోపల ఉంటే ‘మీకేం సంబంధం’ అనే ప్రశ్నకు బలం ఉండదు.

అవతలివాళ్ల మాటలోనూ కొంత నిజం ఉంది. పాత పరిశ్రమ మూసి కొత్తది తెచ్చేటప్పుడు భారమంతా బలహీనుల మీద పడకూడదన్న ‘జస్ట్ ట్రాన్సిషన్’ ఆలోచన కార్మిక సంఘాల్లో పుట్టింది. వాతావరణ మార్పు మీద 2015లో కుదిరిన పారిస్ ఒప్పందం పీఠికలోకి ఎక్కినప్పుడు కూడా అది శ్రామికుల మాటగానే ఎక్కింది. అదే ఏడాది అంతర్జాతీయ కార్మిక సంస్థ విడుదల చేసిన మార్గదర్శకాల్లో చర్చల బల్ల చుట్టూ ప్రధానంగా కూర్చునేది ముగ్గురే: ప్రభుత్వం, యజమానులు, కార్మిక సంఘాలు. జీతభత్యాలు, పరిహారం మీద బేరమాడే హక్కు యూనియన్‌దే, మీది కాదు. ఆ పనిలో వేలుపెడితే యూనియన్‌తోనే గొడవ వస్తుంది. మీకు చోటు ఉన్నది ఆ బల్ల దగ్గర కుర్చీ లేనివాళ్ల దగ్గర. యూనియన్‌లో పేరు లేని కాంట్రాక్టు కూలీ, పట్టా లేని కౌలుదారు, బీడు భూమిలో మేకలు మేపుకునే ఆమె: పరిహారం జాబితా తయారయ్యేది రికార్డుల్లోంచి కాబట్టి ఈ ముగ్గురూ అందులో కనిపించరు. వాళ్ల జాబితా మీరు తయారు చేయండి. ఎవరు, ఎన్నేళ్లుగా, ఏ పని, ఆధారం ఏమిటి అన్నవి రాసి, ఒక్కొక్కరితో సంతకం చేయించండి. మొత్తం వ్యవహారంలో మీ సంఘం చేయగలిగిన అన్నిటికన్నా విలువైన పని ఇదేనని నా అభిప్రాయం. కోర్టులో ఉపన్యాసం కన్నా ఆ జాబితాకే బరువెక్కువ.

ఇదంతా ఇప్పుడే చేయాలి, పనులు మొదలయ్యాక కాదు. ఆర్హస్ ఒప్పందంలో నాకు నచ్చే వాక్యం ఒకటుంది: ప్రజల భాగస్వామ్యం ముందుగానే, అన్ని ప్రత్యామ్నాయాలూ ఇంకా తెరిచి ఉన్నప్పుడే జరగాలని. నార్వేలో ఫోసెన్ అనే చోట గాలిమరల పార్కులు కట్టారు. అవి తమ రెయిన్‌డీర్ల మేత భూములని సామీ ఆదివాసులు కోర్టుకెక్కారు. 2021 అక్టోబరులో అక్కడి సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా వాళ్ల పక్షాన తీర్పు చెప్పింది, లైసెన్సులు చెల్లవంది. హరిత విద్యుత్ అయినంత మాత్రాన ఆదివాసుల సాంస్కృతిక హక్కును కాదనలేమంది. ఇంతకన్నా గొప్ప గెలుపు ఏ లాయరుకు కావాలి? కానీ అప్పటికే 151 గాలిమరలు నిలబడి తిరుగుతున్నాయి. తీర్పు తర్వాత 500 రోజులు గడిచినా అవి ఆగలేదని 2023లో సామీ యువత మంత్రిత్వ శాఖల ముందు బైఠాయించారు. చివరికి 2023 డిసెంబరులో, 2024 మార్చిలో రాజీ ఒప్పందాలు కుదిరాయి. గాలిమరలు మాత్రం అక్కడే ఉన్నాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు మీ కేసు కాకూడదు.

ముందే కూర్చోబెడితే అంతా బాగుంటుందనీ అనుకోకండి. జర్మనీ 2018లో వేసిన బొగ్గు కమిషన్‌లో పరిశ్రమ, యూనియన్ల పక్కనే పర్యావరణ సంఘాలకూ, గనుల ప్రాంతాలవాళ్లకూ చోటిచ్చారు. 2038 నాటికి బొగ్గు మానేయాలని, ఆ ప్రాంతాలకు 40 బిలియన్ యూరోల సాయం చేయాలని 2019లో రాజీ కుదిరింది. తర్వాత ప్రభుత్వం తెచ్చిన ప్రణాళిక ఆ రాజీకి కట్టుబడలేదని కొందరు సభ్యులే బయటికొచ్చి విమర్శించారు. అందుకే ఒప్పుకున్న ప్రతి మాటా తేదీతో సహా కాగితం మీదికి రావాలి. అమలు కాకపోతే ఎవరిని అడగాలో కూడా అందులోనే ఉండాలి.

సమాచారం కోసం వెంటనే దరఖాస్తు పెట్టండి. ప్లాంటు మూసివేత ప్రణాళిక, కాంట్రాక్టరు వారీగా కార్మికుల సంఖ్య, బూడిద చెరువును ఏం చేస్తారో చెప్పే కాగితం, భూముల లీజు పత్రాలు, పర్యావరణ నివేదిక అడగండి. లీజు పత్రంలో రెండు చోట్ల కన్నేయండి: కాలపరిమితి తీరాక ప్యానెళ్లు ఎవరు తీస్తారు, మధ్యలో కంపెనీ చేతులు మారితే హామీలు కొత్తవాళ్లకు వర్తిస్తాయా.

డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో కూడా అడగండి, ఇది చాలామందికి తట్టదు. ప్రపంచ బ్యాంకు అప్పు ఉంటే 1993 నుంచి ఇన్‌స్పెక్షన్ ప్యానెల్ అనే ఏర్పాటు ఉంది. నష్టపోయేవాళ్లు ఇద్దరు కలిసి ఫిర్యాదు చేయవచ్చు, వాళ్ల తరఫున స్థానిక సంఘమూ చేయవచ్చు. ప్రపంచ బ్యాంకు గ్రూపులోనే ప్రైవేటు కంపెనీలకు డబ్బిచ్చే ఐఎఫ్‌సీ పెట్టుబడి ఉంటే ఫిర్యాదు తీసుకునే చోటు వేరు. ఇవి కోర్టులు కావు, స్టే ఇవ్వవు. కానీ అప్పిచ్చినవాడు అడిగితే కంపెనీ చెప్పే జవాబు వేరుగా ఉంటుంది.

రెండు జాగ్రత్తలు. సభ్యులు రాతపూర్వకంగా అధికారం ఇవ్వకుండా వాళ్ల తరఫున ఏ రాజీపత్రం మీదా సంతకం చేయకండి, రేపు వాళ్లే మీ మీద కేసు వేస్తారు. కరపత్రాల్లో ‘దోపిడీదార్లు’, ‘దొంగలు’ లాంటి మాటలు వద్దు. నోరు మూయించడానికి పరువు నష్టం కేసులు వేయడం కొన్ని కంపెనీలకు అలవాటు, గెలిచినా ఓడినా మీ డబ్బూ టైమూ పోతాయి. తేదీ, అంకె, పత్రం నంబరు రాయండి, విశేషణాలు మానేయండి.

చివరగా, ప్లాంటు మూసివేతకు గానీ సోలార్ పార్కుకు గానీ అనుమతి ఉత్తర్వు ఇప్పటికే వచ్చిందా? మీ ఉత్తరంలో ఆ సంగతి లేదు. వచ్చి ఉంటే అప్పీలు గడువు ఇప్పటికే నడుస్తూ ఉండవచ్చు, పైగా ఇలాంటి గడువులు సాధారణంగా నెలల్లో కాదు, రోజుల్లో ఉంటాయి. పైన చెప్పిన జాబితా పని సభ్యులకు అప్పగించి, మీరు ఉత్తర్వు కాపీతో రేపే లాయరును కలవండి.