1942లో విశాఖపై బాంబులు పడ్డప్పుడు పిల్లలున్న ఇళ్లలో పరిస్థితి ఎలా ఉండేది?

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. గురి ప్రధానంగా హార్బరు, ఓడలు. ఊరు నేలమట్టమేమీ కాలేదు. కానీ భయం మాత్రం ఊరంతటినీ కదిలించేసింది.

మా అమ్మమ్మ అప్పటికి చిన్నపిల్ల. ఆమెకు గుర్తున్నది బాంబు చప్పుడు కాదు, ఆ తర్వాతి హడావిడి. వాళ్లమ్మ పొయ్యి మీది అన్నం దించి గుడ్డలో మూట కట్టిందట. ఇత్తడి బిందెలు పెరట్లో పాతేశారు. ఎడ్లబండి మీద విజయనగరం వైపు బంధువుల ఊరికి ప్రయాణం. పిల్లలకు అది పెళ్లికి వెళ్తున్నట్టే ఉందట! పెద్దవాళ్లు ఎందుకు మాట్లాడటం లేదో మాత్రం అర్థం కాలేదు.

ఈ భయం ఒక్కరోజులో పుట్టింది కాదు. మార్చిలోనే జపాన్ చేతికి బర్మా రాజధాని రంగూన్ చిక్కింది. ఉత్తరాంధ్రలో దాన్ని 'రంగం' అనేవారు. కూలికో వ్యాపారానికో అక్కడికి వెళ్లినవాళ్లు చాలా ఊళ్లలో ఉండేవారు. వాళ్లలో ఎందరో అడవుల వెంట నడిచి, చిక్కిశల్యమై తిరిగొచ్చారు. వాళ్లు చెప్పిన కబుర్లు పిల్లలూ విన్నారు. బర్మా బియ్యం ఆగిపోవడంతో వంటింటికీ యుద్ధం వచ్చింది. రాత్రిపూట దీపం వెలుగు బయటికి కనబడకుండా చూసుకోవాలి, అదొక టెన్షన్.

ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని కూడా కొంతకాలం గుంటూరుకు తరలించారు. ఆ రోజు పేలకుండా మిగిలిన ఒక బాంబు ఇప్పటికీ బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఉంది.