ఐసు దిమ్మ, కీర ముక్కలు

చిరంజీవి నా మేనకోడలికి,
అత్త ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసింది. వైశాఖంలో నల్లగొండలో మీ కొత్తింటి గృహప్రవేశమని, 120 మంది వస్తారని, వంట వంటవాళ్లకు అప్పగించి కూరగాయల పళ్లేలు మాత్రం నువ్వే చేస్తానన్నావని చెప్పింది. విని మురిసిపోయాను. చిన్నప్పుడు సొరకాయ తరగమంటే వేలు తెగిందని ఇల్లు పైకప్పు ఎగిరేలా ఏడ్చిన పిల్లవు నువ్వు. ఫోను పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. ఆ ఎండలు, ఆ జనం, పచ్చి ముక్కలు. ఫోనులో చెబితే "సరే అత్తా" అని పెట్టేస్తావు కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

కీర పది కిలోలు, ఉల్లిగడ్డ ఆరు, క్యారెట్ నాలుగు, ముల్లంగి రెండు చాలు. ముల్లంగి ఎవరూ పెద్దగా తినరు, తెల్లగా ఉంటుందని పెట్టుకోవడమే. నిమ్మకాయలు ఎనభై తీసుకో. ఎండాకాలం వాటి ధర కొండెక్కి కూర్చుంటుంది, అల్లుణ్ని ఒకసారి నకిరేకల్ నిమ్మ మార్కెట్ దాకా పంపు. బీట్‌రూట్‌ను వేరే పళ్లెంలో పెట్టు, లేదంటే పక్కనున్న ముక్కలన్నీ హోలీ ఆడినట్టు తయారవుతాయి. ఉల్లిగడ్డ చక్రాలను పది నిమిషాలు చల్లటి నీళ్లలో వేసి వంపేస్తే ఘాటు తగ్గుతుంది. కత్తి, పలక మాంసం దగ్గరివి కాకూడదు. ఇది రెండోసారి చెప్పించుకోకు.

క్యారెట్‌తో హంసలు చెక్కుతావట. ఒక్కటి చెక్కి మధ్యలో పెట్టి ఫోటో తీసుకో. నలభై హంసలు చెక్కేసరికి ప్రతి ముక్కా నీ అరచేతి చెమటలో నానుతుంది. అందం కావాలంటే పళ్లెం అడుగున కడిగి తుడిచిన మోదుగాకులు పరువు. ఆ ఆకుపచ్చ మీద ఎర్రటి క్యారెట్ పెడితే హంస ఊసు ఎవరికీ గుర్తుండదు.

కీర విషయంలో నేను ఎవరినీ నమ్మను. తొడిమ వైపు కోసి రుద్దితే చేదు పోతుందంటారు, నేనూ రుద్దుతాను, అలవాటు. అయినా ప్రతి కాయకూ తొడిమ దగ్గరి ముక్క నోట్లో వేసుకుని చూడాల్సిందే. చేదుగా ఉంటే ఆ కాయ మొత్తం పారెయ్యి, కక్కుర్తి పడకు. ముక్కల మీద ముందుగా ఉప్పు చల్లకు. ఉప్పు తగిలిన కీర తన నీళ్లన్నీ వదిలేసి గుడ్డపేలికలా వాలిపోతుంది. ఉప్పు, కారం చిన్న గిన్నెల్లో పక్కన పెడితే ఎవరికి కావాల్సినంత వాళ్లు వేసుకుంటారు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ నాన్నకు కూడా పూర్తిగా తెలియదు.

ముప్పై ఏళ్ల కిందట, దేవరకొండ దగ్గర మన ఊళ్లో మీ చిన్నత్త పెళ్లి. మే నెల. పందిరికి కట్టిన మామిడాకులు పట్టుకుంటే పొడి అయ్యేంత ఎండ. కీర కోసే పని నేనే నెత్తిన వేసుకున్నాను. తెల్లవారి ఆరింటికి కత్తిపీట ముందు కూర్చుని తొమ్మిదికల్లా గంగాళం నింపాను. భోజనాలు పన్నెండున్నరకు అనుకున్నాం. మగపెళ్లివారి బస్సు దారిలో ఆగిపోయింది. పంతులుగారు మళ్లీ పంచాంగం తిరగేసి ఇంకో ముహూర్తం వెతికారు. విస్తళ్లు వేసేసరికి మూడయింది. అప్పటికి నా కీర ముక్కలు అంచులు ముడుచుకుని, ముట్టుకుంటే జారేలా ఉన్నాయి. పారేయడానికి మనసు ఒప్పలేదు. ఆరింటి నుంచి కూర్చున్న నడుము అది.

కూల్‌డ్రింకు సీసాల కోసం తెచ్చిన ఐసు దిమ్మ ఒకటి గోనెసంచిలో, ఊకలో పొర్లించి ఉంది. రోకలితో పగలగొట్టాను. ఊక కనిపించిన చోట గోటితో తీశాను. ఒక చెంబు నీళ్లు పోసి కడిగాననిపించి, తెచ్చి గంగాళంలో గుమ్మరించాను. పది నిమిషాల్లో ముక్కలు కరకరలాడాయి. నీ అత్త ఎంత తెలివైనదో అనుకున్నాను. "ఇంత ఎండలో ఇంత చల్లటి కీర ఎక్కడిదమ్మా" అంటూ మగపెళ్లివారి పెద్దమ్మ రెండుసార్లు వేయించుకుంది.

ఆ రాత్రే మొదలయ్యాయి వాంతులు. ముందు పిల్లలకు, తర్వాత పెద్దలకు. తెల్లవారేసరికి ఆ పెద్దమ్మకు సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు, అంతవరకు దేవుడు చల్లగా చూశాడు. అందరి వేలూ మాంసం మీదికే పోయింది. వంటాయనను పిలిచి నలుగురిలో నిలబెట్టారు. "పొద్దున కోసిన మేకలయ్యా, పొయ్యి మీది నుంచి దించింది దించినట్టే వడ్డించాను" అని ఆయన చెబుతూనే ఉన్నాడు. మా నాయన ఇవ్వాల్సిన దాంట్లో సగం ఆపేశాడు. నేను తలుపు చాటున నిలబడి వింటున్నాను. మాంసం ముట్టని బడి టీచరమ్మకు కూడా వాంతులయ్యాయని నాకు తెలుసు. ఆమె తిన్నది పప్పన్నం, నా కీర ముక్కలు. నోరు విప్పలేదు బిడ్డా. ఆరేళ్ల తర్వాత ఆ వంటాయన అంగడిలో ఎదురై "బాగున్నావా తల్లీ" అని పలకరించాడు. తల ఊపి, సంచి సర్దుకుంటున్నట్టు వంగిపోయాను.

దిమ్మ ఐసు చేపలను, సీసాలను చల్లబరచడానికి. దాన్ని తాగే నీళ్లతోనే చేస్తారని నమ్మకం లేదు. గడ్డకట్టినంత మాత్రాన క్రిములు చావవు. తినకూడని ఐసుకు నీలిరంగు కలపాలని 2018లో ఆహార భద్రతా సంస్థ నిబంధన పెట్టింది. నా కళ్లకైతే ఇంతవరకు ఆ నీలం కనబడలేదు, తెల్లగా ఉంది కదా అని నువ్వు నమ్మకు. నీళ్ల భయం మనకు పుట్టుకతో వచ్చిందే. ఫ్లోరైడ్ ఉన్న బోరునీళ్లు తాగి పళ్లకు గోధుమరంగు మచ్చలు పడిన తరం మాది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి మన నల్లగొండ పేరే పెట్టారు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, క్రిములు చస్తాయి. నీ ముక్కలకు కావాల్సింది ఆ రెండోదే కాబట్టి ముందురోజే నీళ్లు కాచి చల్లార్చి పెట్టుకో. కూరగాయలను కోయకముందే మట్టి పోయేలా కడిగి, ఆఖరున ఆ నీళ్లతో కడుగు.

చల్లగా ఉండాలంటే పెద్ద బేసిన్‌లో ఐసు పోసి, అందులో మూత పెట్టిన గిన్నెను కూర్చోబెట్టు. ఐసు బయటే ఉండాలి, లోపలికి చుక్క పోకూడదు. మామూలు రోజుల్లో కోసిన ముక్కలు రెండు గంటలు బయట ఉండవచ్చు, వైశాఖపు ఎండలో ఒక గంటే. అందుకని గుట్టలా పేర్చకు. నాలుగు చిన్న పళ్లేలు పెట్టి, ఖాళీ అయినకొద్దీ లోపలి నుంచి కొత్తవి తెప్పించు. నిమ్మకాయలు ఆఖరున కోయి.

మిగిలినవి రెండు రకాలు. బంతిలోకి వెళ్లి తిరిగొచ్చిన పళ్లేల మీద మమకారం పెట్టుకోకు. గిన్నెలోనే చల్లగా ఉన్నవి నీవి. ఉల్లిగడ్డతో ఆ రాత్రికి పచ్చిపులుసు చెయ్యి, చుట్టాలు బిర్యానీ తిని తిని దానికోసమే చూస్తుంటారు. కీరను పెరుగు పచ్చడిలో కలుపు. క్యారెట్ తురిమి బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, నానిన శనగపప్పుతో కలిపి తపాలచెక్క వెయ్యి, పొద్దున పిల్లలకు అదే టిఫిను. నిమ్మ చెక్కలను ఉప్పులో వేస్తే ఊరగాయ. కీర తొక్కలు పక్కింటి ఆవుకు పెట్టు గానీ ఉల్లిగడ్డ పెట్టకు, పశువులకు అది పడదు.

నేను రెండు రోజులు ముందే దేవరకొండలో బస్సెక్కి వస్తాను. కత్తిపీట నా సంచిలోనే తెస్తాను, నేను రాకముందు కీర కోసే పని పెట్టుకోకు. వంటాయనకు ఇవ్వాల్సింది భోజనాలు అయిన వెంటనే అల్లుడి చేత చేతికి ఇప్పించు. ఏదైనా తేడా వస్తే ఆయన దగ్గరికి ఎవరూ పోకముందే నా దగ్గరికి రండి.

మీ అత్త