బ్యాటరీకి వారంటీ లేదంటే కేసు కూడా లేనట్టేనా?

ప్రశ్న: మాది నిజామాబాద్ జిల్లా, ఆర్మూర్ దగ్గర ఒక ఊరు. పదేళ్లుగా పెళ్లిళ్లకు ఫోటోలు, వీడియోలు తీసి బతుకుతున్నాను. సీజన్‌లో తోడుగా ఒక కుర్రాడు వస్తాడు, అంతే. నాలుగు నెలల కింద హైదరాబాద్‌లో ఒక షాపులో కెమెరా బ్యాటరీలు రెండు కొన్నాను. బిల్లు 11,600 రూపాయలు. రెండో నెల నుంచే ఒకటి రాత్రంతా పెట్టినా ఫుల్ ఛార్జ్ కావడం లేదు. రెండోది వంద శాతం చూపిస్తుంది, అరగంటలో పడిపోతుంది. ఒక పెళ్లిలో సరిగ్గా తలంబ్రాల దగ్గర రెండూ ఆగిపోయాయి. పెళ్లివారు నాకు ఇవ్వాల్సిన దాంట్లో 20,000 కోసేశారు. షాపాయన ‘బ్యాటరీకి వారంటీ ఉండదు, అమ్మిన సరుకు వాపసు తీసుకోమని బిల్లు మీదే ఉంది’ అంటున్నాడు. ‘నువ్వు వ్యాపారం చేసేవాడివి, కన్జ్యూమర్ కోర్టులో నీ కేసు నిలబడదు’ అని తెలిసినవాళ్లు భయపెడుతున్నారు. నేనేం చేయాలి?

జవాబు: ముందు ఆ ఆఖరి భయం తీసేసుకోండి. మీ కేసు నిలబడుతుంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వ్యాపార అవసరానికి కొన్న సరుకును పక్కన పెట్టిన మాట నిజమే. కానీ అదే చట్టం సెక్షన్ 2(7) కింద వివరణలో, స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికి కొనుక్కుని తానే వాడుకునే వస్తువు వ్యాపార అవసరం కిందకు రాదని చెప్పింది. పాత చట్టంలో ఇలాంటి మాటకే సుప్రీంకోర్టు 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో అర్థం చెప్పింది. ఆటో కొని తానే నడుపుకునేవాడు వినియోగదారుడే. సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నంత మాత్రాన ఆ హక్కు పోదు. మీ సీజన్ కుర్రాడి గురించి టెన్షన్ పడక్కర్లేదు.

అయితే ఇది మీ ఫిర్యాదులో రాసి ఉండాలి. ‘నేను ఫోటోగ్రఫీ మీదే జీవిస్తున్నాను, ఈ బ్యాటరీలు నేనే వాడుకోవడానికి కొన్నాను’ అన్న ఒక్క వాక్యం లేకపోవడం వల్ల అవతలి లాయరు మొదటి వాయిదాలోనే అభ్యంతరం లేవదీసిన కేసులు నేను చూశాను. బిల్లు స్టూడియో పేరు మీద, జీఎస్టీ నంబరుతో ఉన్నా హక్కు పోదు. ఆ వాదన మాత్రం తప్పకుండా వస్తుంది, అందుకని ఆ వాక్యం మరీ ముఖ్యం.

ఇక అసలు సంగతికి వస్తాను. మీ కేసు తేలేది ఒకే ఒక్క ప్రశ్న మీద: ఆ బ్యాటరీలు వాడి వాడి అరిగాయా, లోపంతోనే వచ్చాయా? లిథియం అయాన్ బ్యాటరీ కొన్ని వందల సార్లు ఛార్జ్ అయ్యాక నీరసించడం దాని స్వభావం. ఫుల్ ఛార్జ్‌తో నెలల తరబడి మూలన పెట్టినా, ఎండలో నిలిపిన కారులో వదిలేసినా ఇంకా తొందరగా నీరసిస్తుంది. మూడేళ్లు వాడిన బ్యాటరీతో ఎవరైనా నా దగ్గరకు వస్తే కేసు వద్దని చెప్పి పంపిస్తాను. మీది రెండో నెలలోనే మొదలైంది, పైగా ఒకటి కాదు రెండూ. చట్టం సెక్షన్ 2(10)లో ‘లోపం’ అంటే నాణ్యతలో, సామర్థ్యంలో, ఉండాల్సిన ప్రమాణంలో ఉన్న ఏ కొరత అయినా సరే. మీరు చెప్పింది అందులో ఇమిడిపోతుంది. ఇప్పుడు దాన్ని చూపించాలి.

అది మీ చేతిలో పనే. ఒరిజినల్ ఛార్జర్‌తోనే బ్యాటరీ ఛార్జ్ చేయండి. లోకల్ ఛార్జర్ వాడారన్న మాట షాపువాళ్ల నోట మొదట వచ్చేదే. తర్వాత కెమెరాను గోడ గడియారం ముందు స్టాండ్ మీద పెట్టి వీడియో ఆన్ చేసి వదిలేయండి. కెమెరా స్క్రీనూ గడియారమూ రెండూ కనిపించేలా ఫోన్‌తో మొదట ఒకసారి, ఆరిపోయినప్పుడు ఒకసారి షూట్ చేయండి. అదే కెమెరాలో, అదే సెట్టింగులతో, మీ దగ్గరున్న పాత మంచి బ్యాటరీతో ఇదే పని ఇంకోసారి చేయండి. పాతది గంటన్నర నిలబడి, కొత్తది అరగంటకే ఆరిపోతే, లోపం కెమెరాలో ఉందని ఎవరూ అనలేరు.

మీ కెమెరా ఏ కంపెనీదో రాయలేదు. కెనాన్ అయితే చాలా మోడళ్ల మెనూలో బ్యాటరీ సమాచారం అనే పేజీ ఉంటుంది. అక్కడ రీఛార్జ్ పెర్ఫార్మెన్స్ పక్కన మూడు ఆకుపచ్చ గీతలుంటే బాగున్నట్టు, ఒక్కటే ఎర్ర గీత మిగిలితే బ్యాటరీ మార్చాల్సిందే. నికాన్‌లో చాలా మోడళ్లు బ్యాటరీ వయసును 0 నుంచి 4 వరకు అంకెతో చూపిస్తాయి. 0 అంటే కొత్తది, 4 అంటే దాని పని అయిపోయినట్టు. నాలుగు నెలల బ్యాటరీకి ఎర్ర గీతో, 4 అంకో వచ్చిందంటే ఆ ఫోటో మీకు సగం సాక్ష్యం. అలాంటి పేజీ లేకపోతే పైన చెప్పిన గడియారం పరీక్షే చాలు. తర్వాత ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్లి, ఏం తేలిందో కాగితం మీద రాయించుకోండి. నోటిమాట పనికిరాదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. రసీదు లేకుండా బ్యాటరీలు షాపువాళ్ల చేతిలో పెట్టకండి. కొన్నేళ్ల కింద నా దగ్గరకు వచ్చిన ఒక స్టూడియో ఆయన, ‘చూసి చెప్తాం, పెట్టి వెళ్లండి’ అంటే నమ్మి ఇచ్చేసి వచ్చారు. నెల తర్వాత అడిగితే మీరేమీ ఇవ్వలేదన్నారు. డబ్బా కూడా అప్పటికే పారేశారు. ఆయన కోసం నేను నోటీసు మాత్రమే పంపగలిగాను, అంతకు మించి ఏమీ చేయలేకపోయాను. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. మీరు బిల్లు, డబ్బా, వారంటీ కార్డు, చెల్లించిన యూపీఐ మెసేజ్, షాపుతో చేసిన వాట్సాప్ మాటలు అన్నీ దాచండి.

‘అమ్మిన సరుకు వాపసు తీసుకోము’ అన్న ముద్ర విషయానికొస్తే, లోపమున్న సరుకుకు అది అడ్డు రాదు. లోపమున్న వస్తువును వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడాన్ని సెక్షన్ 2(47) అనుచిత వ్యాపార పద్ధతుల్లో ఒకటిగా లెక్కేసింది. దానికి బిల్లులో గడువు ఉంటే ఆ గడువు, లేకపోతే 30 రోజులు. మీకు లోపం బయటపడింది ఆ 30 రోజుల తర్వాత కాబట్టి ఈ వాదన ఒక్కదాని మీదే ఆధారపడొద్దు. లోపమున్న సరుకు అమ్మారన్నదే మీ ప్రధాన ఫిర్యాదుగా ఉంచండి. వారంటీ కూడా షాపాయన మాట మీద వదిలేయకండి. కెమెరాకు, దాని యాక్సెసరీలకు వేర్వేరు గడువులు రాసి ఉండటం మామూలే. కార్డు తీసి మీరే చదవండి. అసలు వారంటీయే లేదనుకున్నా, రెండు నెలలు కూడా పనిచేయని సరుకు అమ్మే హక్కు దానివల్ల ఎవరికీ రాదు.

20,000 గురించి మీకు నచ్చని మాటే చెప్పాలి. బ్యాటరీల డబ్బు వచ్చినంత సులువుగా అది రాదు. ఉత్పత్తి బాధ్యత, అంటే లోపమున్న వస్తువు చేసిన హానికి తయారీదారో, అమ్మినవాళ్లో పరిహారం ఇవ్వాల్సిన బాధ్యత, దాని కింద అడిగే నష్టంలోంచి వ్యాపార, ఆర్థిక నష్టాన్ని చట్టమే మినహాయించింది. సెక్షన్ 39 కింద, అవతలివాళ్ల నిర్లక్ష్యం వల్ల కలిగిన నష్టంగా అడగాలి. దానికి ఆ పెళ్లివారు కోత పెట్టినట్టు రాసిన కాగితమో, మెసేజో కావాలి. పెళ్లికి వెళ్లేముందే బ్యాటరీల సంగతి మీకు తెలుసు కదా, వేరే ఏర్పాటు ఎందుకు చేసుకోలేదని కమిషన్ (మీరు కన్జ్యూమర్ కోర్టు అంటున్నది) తప్పకుండా అడుగుతుంది. ఆ 20,000 కూడా అడగండి, కానీ కేసు బరువంతా దాని మీద వేయకండి. 11,600, వడ్డీ, మానసిక వేదనకు పరిహారం, ఖర్చులు, ఇవి ముందు వరుసలో ఉండాలి.

ఇప్పుడు దారి. మొదట 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించండి, చాలా తగాదాలు అక్కడే తీరిపోతాయి. తీరకపోతే షాపుకూ, బ్యాటరీ డబ్బా మీద పేరున్న తయారీదారు లేదా దిగుమతిదారుకూ ఇద్దరికీ 15 రోజుల గడువుతో నోటీసు స్పీడ్ పోస్టులో పంపండి. కేసులోనూ ఇద్దరినీ చేర్చండి, లేకపోతే ఒకరి మీద ఒకరు నెట్టుకుంటారు. షాపు హైదరాబాద్‌లో ఉన్నా మీరు అక్కడికి తిరగక్కర్లేదు. ఫిర్యాదుదారు నివసించే చోట కేసు వేసుకోవచ్చని సెక్షన్ 34 చెబుతోంది, అంటే నిజామాబాద్ జిల్లా కమిషన్ మీకు చాలు. కొన్న సరుకు విలువ 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు కూడా. గడువు రెండేళ్లు, కానీ అంత దూరం లాగకండి. ఆలస్యమైన కొద్దీ ‘వాడి అరగదీశారు’ అన్న వాదనకు బలం వస్తుంది.

కంటికి కనిపించని లోపమైతే కమిషన్ బ్యాటరీలను సీల్ చేసి ల్యాబ్‌కు పంపవచ్చు. ఆ ఖర్చు ముందుగా మిమ్మల్ని కట్టమనవచ్చు. అందుకే మీ వీడియోలు, సర్వీస్ సెంటర్ కాగితం ముందే సిద్ధంగా ఉంటే ల్యాబ్ దాకా పోకుండానే తేలే అవకాశం ఉంటుంది. పరీక్ష అక్కర్లేని కేసు మూడు నెలల్లో, పరీక్ష ఉంటే ఐదు నెలల్లో ముగించడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. ఆచరణలో ఇంకా ఎక్కువే పడుతుంది, దానికి సిద్ధపడి ఉండండి.

సర్వీస్ సెంటర్‌లో ‘ఇది మా బ్యాటరీయే కాదు, డూప్లికేట్’ అని తేలిందనుకోండి. అప్పుడు కేసు ఇంకా బలపడుతుంది, ఎందుకంటే నకిలీ సరుకు అమ్మడం సెక్షన్ 91 కింద శిక్ష పడే నేరం. ఆ అనుమానం ఇప్పుడే తీర్చుకోవచ్చు. ఇలాంటి బ్యాటరీలకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. బ్యాటరీ మీదో, డబ్బా మీదో ‘ఆర్’తో మొదలయ్యే నంబరు ఉంటుంది, బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అది ఎవరిదో చూపిస్తుంది. డబ్బా మీద దిగుమతిదారు చిరునామా, ఎమ్మార్పీ, నెల, సంవత్సరం ఉన్నాయో లేదో కూడా చూసి ఫోటో తీసి పెట్టండి.

బ్యాటరీ ఏదైనా ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం పరీక్షలన్నీ ఆపేయండి. ఇక ఛార్జింగ్ పెట్టొద్దు, కెమెరాలో వేయొద్దు. నాలుగు వైపులా ఫోటోలు తీసి, పిల్లలకు అందని చోట, మండే వస్తువులకు దూరంగా, ఒక రేకు డబ్బాలో ఇసుక పోసి అందులో ఉంచండి. ఆ సంగతి నోటీసులోనూ రాయండి.