కొత్తగా హెడ్‌మిస్ట్రెస్ (హెచ్ఎం) అయిన అమ్మాయికి: స్కూల్లో టీచర్లు నిలవాలంటే

అమ్మాయ్, హెచ్ఎం అయ్యావని విని చాలా సంతోషం. "మా స్కూల్‌కి ఏ టీచర్ వచ్చినా బదిలీల కౌన్సెలింగ్ ఎప్పుడా అని చూస్తారు మేడమ్, ఏం చెయ్యాలి" అని అడిగావు కదా. ఊరి దూరం, జీతం నీ చేతిలో లేవు, వాటి గురించి దిగులు పెట్టుకోకు. స్కూల్లో రోజు ఎలా గడుస్తుందో అది మాత్రం చాలావరకు నీ చేతిలోదే.

ముందు బాత్రూమ్ చూడు. చిన్న విషయం అనుకోకు, మన ప్రైమరీ స్కూళ్లలో ఎంతమంది లేడీ టీచర్లు బాత్రూమ్ సరిగ్గా లేక పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా గొంతు ఎండబెట్టుకుని పాఠాలు చెప్తారో నీకు తెలుసు, ఇన్ఫెక్షన్లు వచ్చి సెలవులు పెట్టేది అందుకే. టీచర్లకి విడిగా ఒకటి, లోపల గడియ, నీళ్లు, మూత ఉన్న చెత్తబుట్ట. స్కూల్ ఖర్చులకి ప్రభుత్వం ఏటా ఇచ్చే కాంపోజిట్ గ్రాంట్‌లో కనీసం 10 శాతం శుభ్రతకే ఖర్చు పెట్టాలని ఉంది, పేరెంట్స్ కమిటీలో తీర్మానం రాయించి వాడు.

తర్వాత సెలవు. ఇద్దరు టీచర్లే ఉన్న స్కూల్లో ఒకళ్లు సెలవు పెడితే మిగిలినవాళ్లు ఐదు క్లాసులూ చూడాలి కాబట్టి జ్వరం వచ్చినా అడగడానికి మొహమాటపడతారు. నువ్వే ముందుగా కాంప్లెక్స్ హెచ్ఎంకి (చుట్టుపక్కల స్కూళ్లన్నీ చూసుకునే హైస్కూల్ హెచ్ఎం) ఫోన్ చేసి సీఆర్ఎంటీని, అంటే టీచర్ లేని స్కూల్‌కి వెళ్లి పాఠం చెప్పే క్లస్టర్ టీచర్‌ని, పంపమని అడుగు. మహిళా టీచర్లకి అదనంగా ఉన్న 5 స్పెషల్ సీఎల్స్ (క్యాజువల్ లీవులు) వాళ్ల హక్కు, దానికి ఎందుకు ఏమిటి అని నిలబెట్టి అడగొద్దు.

ఇక యాప్‌లు. అటెండెన్స్, భోజనం, గుడ్లు, బాత్రూమ్ ఫోటోలు, అన్నీ ఫోన్ బాగా వచ్చని కొత్తగా చేరిన కుర్ర టీచర్ నెత్తిన వేస్తారు, అలా మాత్రం చెయ్యకు, వంతులు వెయ్యి, నీ వంతు నువ్వూ చెయ్యి. పొద్దున అటెండెన్స్ అయ్యాక మొదటి పీరియడ్‌లో ఎవరూ ఫోన్ ముట్టుకోకుండా చూడు. ఒకటో తరగతి పిల్లల ముందు కూర్చుని చదువు చెప్పే గంట దొరికితేనే వాళ్లకి ఆ ఉద్యోగం మీద ఇష్టం మిగులుతుంది, నా అనుభవంలో మనిషిని ఊళ్లో ఆపేది ఎక్కువగా అదే.

పేరెంట్ ఎవరైనా అరుచుకుంటూ వస్తే నువ్వు ముందుకెళ్లి మాట్లాడు, టీచర్ పొరపాటు ఉంటే తర్వాత విడిగా చెప్పు, పిల్లల ముందు ఒక్క మాట కూడా వద్దు.

వంట చేసే అమ్మని, బాత్రూమ్‌లు శుభ్రం చేసే ఆయమ్మని మర్చిపోకు. వంటావిడకి ఇచ్చేది నెలకి 3000 గౌరవవేతనం, అది కూడా ఒక్కోసారి ఆగిపోతుంది, బిల్లులు నువ్వు టైంకి పెట్టి వెంటపడాలి. వాళ్లు మానేస్తే ఆ పని కూడా టీచర్ల మీదే పడుతుంది.

విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైమరీలో 60 మంది లోపు పిల్లలకి ఇద్దరు, 61 నుంచి 90 దాకా ముగ్గురు టీచర్లు ఉండాలి. నీకు తక్కువైతే నోటిమాటగా చెప్పి వదిలెయ్యకుండా ఎంఈఓ (మండల విద్యాధికారి) గారికి రాసిచ్చి, కాపీ మీద సంతకం, తేదీ వేయించుకుని ఫైల్‌లో పెట్టు.