సైకిల్ సంగతులు: ముందు సీటు సరిచేసుకోండి, సామాను తర్వాత

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. రాజమహేంద్రవరంలో హైస్కూలు టీచర్ని. కాలేజీకి లేడీస్ సైకిల్ మీదే వెళ్లేదాన్ని, పెళ్లయ్యాక మళ్లీ ఎక్కలేదు. మొన్న సంక్రాంతికి మా అమ్మాయి గేర్ల సైకిల్ కొనిచ్చింది. పొద్దున్నే అయిదున్నరకు బయల్దేరి గోదావరి గట్టు మీదుగా ధవళేశ్వరం వైపు వెళ్లొస్తున్నాను. కూర్చునే చోట నొప్పి, అరచేతిలో చిటికెన వేలి వైపు తిమ్మిరి. కొనమని అమ్మాయి పెద్ద జాబితా పంపింది: హెల్మెట్, గ్లవ్స్, జెల్ సీటు కవరు, ప్యాడ్ ఉన్న షార్ట్స్, లైట్లు, అద్దం, స్పీడోమీటరు, ఫోన్ హోల్డరు, పంపు, తాళం. ఇవన్నీ అవసరమేనా? నేను చుడీదార్‌లోనే తొక్కుతాను. హెల్మెట్ పెట్టుకుంటే నలుగురూ చూస్తారని మొహమాటం కూడా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: టీచరు గారూ, ఆ జాబితాలో ఉన్నవన్నీ తెనాలిలో మా కొట్లో దొరుకుతాయి. అమ్ముకునేవాణ్నే చెబుతున్నాను, లైట్లూ హెల్మెట్టూ తప్ప ఇప్పుడే ఏదీ కొనకండి. మీ నొప్పికీ తిమ్మిరికీ ముందు చూడాల్సింది సీటు ఎత్తు, సీటు వాలు. రెండూ పైసా ఖర్చు లేకుండా సరిచేసుకోవచ్చు.

సైకిల్‌ని గోడ పక్కన పెట్టి, ఒక చెయ్యి గోడకు ఆనించి సీటెక్కి కూర్చోండి. ఒక పెడలు పూర్తిగా కిందికి తెచ్చి దాని మీద మడమ పెట్టండి. కాలు నిటారుగా చాపుకుంటే మీ సీటు ఎత్తు సరిగ్గా ఉన్నట్టు. తొక్కేది పాదం ముందు భాగంతో కాబట్టి, అప్పుడు మోకాలిలో కాస్త వంపు ఉంటుంది. చాలా ఏళ్ల తర్వాత సైకిలెక్కినవాళ్లు దాదాపు అందరూ సీటు బాగా కిందికి దించేస్తారు. రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనితేనే ధైర్యం మరి. కానీ అలా ముడుచుకుని తొక్కితే కాళ్లు తీసుకోవాల్సిన బరువంతా సీటు మీదే పడుతుంది, కొన్నాళ్లకు మోకాలి చిప్ప దగ్గర కూడా నొప్పి మొదలవుతుంది. ఆగేటప్పుడు సీటు మీదే కూర్చుని నేల అందుకోవాలని చూడకండి. బ్రేకు పట్టి, సీటు ముందుకు దిగి ఒక కాలు ఆనించండి. ఇది అలవాటయ్యేదాకా ఒక్కసారిగా కాకుండా రోజూ కొద్దికొద్దిగా సీటు పెంచుకోండి.

ఇక తిమ్మిరి. చిటికెన వేలికీ దాని పక్క వేలికీ స్పర్శనిచ్చే నరం అరచేతి అంచున, మణికట్టు దగ్గర చర్మానికి దగ్గరగా పోతుంది. ఒంటి బరువు హ్యాండిల్ మీద పడితే ఆ నరం నలుగుతుంది. బరువు ఎందుకు పడుతోంది? చాలాసార్లు సీటు ముక్కు కిందికి వాలి ఉంటుంది. మీరు ముందుకు జారుతూ ఉంటారు, చేతులతో ఆపుకుంటూ ఉంటారు. సీటు మీద ఒక స్కేలు పెట్టి చూడండి, నేలకు సమాంతరంగా ఉండాలి. కింద ఉన్న బోల్టు ఎలెన్ కీతో (ఎల్ ఆకారంలో వంగి ఉండే ఆరు పలకల కడ్డీ) వదులు చేసి సరిచేసి, మళ్లీ గట్టిగా బిగించాలి. మీ ఊళ్లో ఏ మెకానిక్ అయినా క్షణాల్లో చేసిపెడతాడు. మధ్యమధ్యలో హ్యాండిల్ మీద చేతులు అటూ ఇటూ మార్చుకోండి. అప్పటికీ తగ్గకపోతే గ్లవ్స్ తీసుకోండి. దిగాక గంటలైనా తిమ్మిరి వదలకపోతే మాత్రం డాక్టరుకు చూపించాలి.

జెల్ కవరు నాకు నచ్చని వస్తువు. చేత్తో నొక్కితే మెత్తగా ఉంటుంది, దాంతో కొనేస్తారు. కూర్చున్నప్పుడు మన బరువు మోయాల్సినవి పిరుదుల కింద ఉండే రెండు ఎముకలు. మరీ మెత్తని కవరులో ఆ ఎముకలు దిగబడిపోయి, మధ్యలో ఉన్న సున్నితమైన చోటే ఒత్తుకుంటుంది. దూరం పెరిగేకొద్దీ బాధ పెరుగుతుంది. పైగా కవరు జరుగుతూ ఉంటుంది. కొత్తలో కొద్దిరోజులు నొప్పి సహజమే, ఆ ఎముకల దగ్గర కండరం అలవాటు పడాలి. ఎత్తూ వాలూ కుదిరాక కూడా నొప్పి అలాగే ఉంటే సీటే మార్చండి. ఆడవాళ్లకు ఆ ఎముకల మధ్య దూరం సాధారణంగా కాస్త ఎక్కువ, కాబట్టి వెనకభాగం వెడల్పుగా ఉన్న సీటు చూడాలి. ప్యాడ్ షార్ట్స్ గంటకు మించి తొక్కేవాళ్లకు బాగా పనికొస్తాయి. వాటిని చుడీదార్ లోపల వేసుకోవచ్చు. ఒక్క సంగతి కొట్లో ఎవరూ చెప్పరు, ఆడవాళ్లు అడగరు: వాటి లోపల వేరే లోదుస్తులు వేసుకోకూడదు. ఆ కుట్లే ఒరుసుకుని పుండ్లు పడతాయి.

మీరు జాబితాలో రాయనిది, నన్ను అన్నిటికన్నా భయపెట్టేది మీ చున్నీ. మీ కాలేజీ రోజుల లేడీస్ సైకిల్‌కి గొలుసు మీద పూర్తి కవరు ఉండేది, వెనక చక్రానికి జాలీ కూడా ఉండేది. ఇప్పటి గేర్ల సైకిళ్లలో చాలావాటికి ఆ రెండూ లేవు. మన ఆడవాళ్లు ఏం వేసుకుని తొక్కుతారో ఒక్కసారైనా ఆలోచించి చేస్తే ఎంత బాగుండు! చున్నీ కొస చక్రంలో పడితే మెడకు బిగుసుకుంటుంది. ఇంట్లో వదిలేసి వెళ్లండి, లేదంటే అడ్డంగా వేసి నడుము దగ్గర గట్టిగా ముడి వేయండి, కొసలు వేలాడకూడదు. కుడి కాలి దగ్గర గొలుసు ఉంటుంది కాబట్టి ఆ వైపు ప్యాంటు అంచును వెల్క్రో పట్టీతో చీలమండకు బిగించండి. పట్టీ దొరక్కపోతే వెడల్పాటి రబ్బరు బ్యాండ్ చాలు.

లైట్లు ఈ రోజే కొనండి. జనవరిలో మీ దగ్గర ఆరున్నర దాటితే గానీ సూర్యుడు రాడు. అయిదున్నరకు గట్టు మీద మీరు వెనకొచ్చే లారీకి కనిపించరు. ముందు తెల్లది, వెనక ఎర్రది, యూఎస్‌బీతో ఛార్జి అయ్యేవి చాలు. ఎర్ర లైటు సీటు గొట్టానికి తగిలించాక నాలుగడుగులు వెనక్కి వెళ్లి చూడండి. చాలామందికి కమీజ్ వెనకభాగం దాని మీద పడి కప్పేస్తుంది. ముందు లైటు రోడ్డు మీదికి వంగి ఉండాలి, ఎదురొచ్చేవాళ్ల కళ్లలోకి కొట్టకూడదు.

హెల్మెట్ గురించి: స్కూటర్‌దే పెట్టుకుందామనుకోకండి. అది బరువు, గాలి ఆడదు, మన ఉక్కలో నాలుగు రోజులకు పక్కన పెట్టేస్తారు. సైకిల్ హెల్మెట్ పావు కిలో, మహా అయితే ఇంకొంచెం. లోపల ఈఎన్ 1078 (యూరప్‌ది) అనో సీపీఎస్‌సీ (అమెరికాది) అనో భద్రతా ప్రమాణం ముద్ర ఉందో లేదో చూడండి. కనుబొమ్మలకు రెండు వేళ్లు పైన కూర్చోవాలి, గడ్డం కింద పట్టీలో ఒక వేలు పట్టాలి. ముడి వేసుకుంటారా, జడా? వెనక బిగించే చక్రం సరిగ్గా ముడి దగ్గరకే వస్తుంది, ముడి ఉంటే హెల్మెట్ ముందుకు తోసుకొస్తుంది. కాబట్టి మెడ దగ్గర నుంచి కిందికి జడ వేసుకుని వెళ్లి, అలాగే పెట్టి చూసి కొనండి. ఒకసారి గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగున్నా మార్చేయాల్సిందే. నలుగురూ చూస్తారన్నారు. చూడనివ్వండి. రోడ్డు మీద మీకు కావాల్సిందే అది. పైగా మీ స్కూలు పిల్లల్లో సైకిల్ మీద వచ్చేవాళ్లు కూడా చూస్తారు.

పంపు తర్వాతి నెలలో చూసుకోండి. పంక్చర్ లేకపోయినా ట్యూబులో గాలి దానంతటదే తగ్గుతూ ఉంటుంది, వారానికోసారి చూసుకోవాలి. ఎంత గాలి పట్టాలో టైరు పక్కనే పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) అంకెల్లో అచ్చు వేసి ఉంటుంది. కొనేముందు మీ ట్యూబు వాల్వు చూడండి. మోటారు సైకిల్‌కి ఉన్నట్టు లావుగా ఉందా, సన్నగా కొసకు చిన్న మర ఉందా? సన్నదానికి మన పంక్చర్ షాపుల్లో పంపు పట్టదు, చిన్న ఇత్తడి అడాప్టరు కావాలి. అది కొని సంచిలో పడేసుకోండి. పెట్రోలు బంకులో గాలి పట్టిస్తే పక్కన నిలబడి ఆపించండి, సైకిల్ ట్యూబు చిన్నది, చూస్తుండగానే నిండిపోతుంది. స్పీడోమీటరు, ఫోన్ హోల్డరు అక్కర్లేదు. అద్దం కావాలంటే కుడి వైపు పెట్టుకోండి. తాళం మాత్రం సైకిల్ మీద బజారుకు వెళ్లడం మొదలుపెట్టిన రోజు కొనండి.

ప్రశ్న: మా నాన్నగారి అట్లాస్ సైకిల్ చాలా ఏళ్లుగా పశువుల కొట్టంలో ఉంది. బాగు చేయించి పొలానికి తొక్కుదామని ఉంది. అట్లాస్ వాళ్లు మూసేశారు కదా, సామాన్లు దొరుకుతాయా?
– ఒక పాఠకుడు, సిద్దిపేట జిల్లా

జవాబు: ఢిల్లీ పక్కన సాహిబాబాద్‌లో ఉన్న అట్లాస్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే ఆగిపోయింది బాబూ. ఆ వార్త చదివిన రోజు కొట్లో పని సాగలేదు నాకు. సామాన్లకు మాత్రం బెంగ లేదు. మీది పాత మోడల్ పెద్ద సైకిలే అయితే 28 అంగుళాల టైర్లు, ట్యూబులు, బ్రేకు రబ్బర్లు ఇప్పటికీ వస్తున్నాయి, వేరే కంపెనీవి కూడా సరిపోతాయి. ముందు ఫ్రేము అతుకుల దగ్గర పగుళ్లున్నాయేమో, తుప్పు లోపలిదాకా తిన్నదేమో చూపించండి. ఫ్రేము గట్టిగా ఉంటే రెండు టైర్లూ, బ్రేకు రబ్బర్లూ కళ్లు మూసుకుని మార్చేయండి, ఎండిన రబ్బరును నమ్మకూడదు. చక్రాల ఇరుసులూ పెడల్ ఇరుసూ విప్పించి, గోళీలు కడిగించి కొత్త గ్రీజు పెట్టించండి. ఇనుప రిమ్ము తడిస్తే ఆ కడ్డీ బ్రేకులు సగం కూడా పట్టవు, వానలో చాలా ముందు నుంచే బ్రేకు నొక్కుతూ రావాలి. పాత డైనమో ఉంటే పారేయకండి. బల్బు మారిస్తే చాలాసార్లు వెలుగుతుంది. వెనక మడ్‌గార్డుకు మాత్రం కొత్త ఎర్ర రిఫ్లెక్టరు వేయించండి, ఎందుకంటే మీరు ఆగగానే డైనమో లైటూ ఆగిపోతుంది.